గ్రైండరు మీద నా పేరు

ప్రసాదరావు అంకుల్ పోయిన పదో రోజున ఫోనొచ్చింది. సంస్మరణ సభ పెడుతున్నారట, చిన్న పుస్తకం వేస్తున్నారట, అందులోకి ఆయన గురించి రెండు మంచి మాటలు రాసివ్వాలట. అడిగింది వాళ్ళమ్మాయి మేఘన. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే. "డాడ్ వాజ్ సో కేర్‌ఫుల్, పద్మ ఆంటీ. సేఫ్టీ వాజ్ హిజ్ లైఫ్. ప్లీజ్ రైట్ అబౌట్ దట్" అంది. నేను ఏదో గొణుగుతుండగానే వాళ్ళమ్మ రాజ్యలక్ష్మి ఆంటీ ఫోను లాక్కుంది. "కాదనకు పద్మా. నువ్వైతే బాగా రాస్తావు. పైగా నన్ను బతికించినదానివి. నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారమ్మా?" అంది.

నన్ను బతికించినదానివి. ఈ మాట ఆవిడ నోటి నుంచి ఎన్నేళ్ళుగానో వింటున్నాను. విన్నప్పుడల్లా ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది. సరే ఆంటీ అని ఫోను పెట్టేసి, కాగితం ముందేసుకుని రెండ్రోజులు కూర్చున్నాను. మంచి మాట ఒక్కటి రాలేదు సరికదా, తిట్లు వచ్చాయి. అందులో సగం నన్ను నేను తిట్టుకున్నవే. ఇంక ఆ రెండు మంచి మాటలూ పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎవరికి ఇవ్వాలో రాశాక చూసుకుంటాను.

నేను మెల్‌బోర్న్ వచ్చేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఒంగోలు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, అక్కడే ల్యాబులో చిన్న ఉద్యోగం చేసి, మా నాన్న తెచ్చిన సంబంధాలన్నీ తిరగ్గొట్టి, ఇక్కడ చదువుకుంటానని వచ్చినదాన్ని. చదువు పేరుకే. అందరికీ కావాల్సింది పీఆర్, ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతి. ఆ పీఆర్‌కి నా చదువుకి సంబంధించిన పనే చేశానని ఒక యజమాని లెటర్ రాసివ్వాలి. ఆ లెటర్ కోసం మా బ్యాచ్‌లో పిల్లలు పడ్డ పాట్లు చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. నాకు అదృష్టం కొద్దీ ప్రసాదరావు అంకుల్ దొరికాడు. అదృష్టమనే అనుకున్నాను అప్పుడు. డాండెనాంగ్ దగ్గర పాత ఇటుక ఇల్లు వాళ్ళది. వెనక గది నాకు అద్దెకిచ్చాడు, పని కూడా ఇచ్చాడు. ఏడాది పూర్తయ్యాక లెటర్ ఇస్తానన్నాడు. అంటే నా పడకా, నా తిండీ, నా భవిష్యత్తూ మూడూ ఆ ఒక్క మనిషి గుప్పిట్లో ఉన్నాయి. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఆయన పని కరెంటు వస్తువుల్ని టెస్ట్ చేసి ట్యాగు వెయ్యడం. ఈ దేశంలో ఆఫీసైనా, బడైనా, హోటలైనా, అక్కడి టీ కెటిల్ దగ్గర్నుంచి డ్రిల్లింగ్ మెషీను దాకా గడువు ప్రకారం పరీక్షించాలి. పాసైతే వైరుకి ఒక రంగు ట్యాగు చుడతారు. దాని మీద పరీక్షించిన మనిషి పేరుంటుంది, తేదీ ఉంటుంది. ఫెయిలైతే వాడొద్దు, ప్రమాదం అని ఎర్ర ట్యాగు. టెస్టరంటే పెద్ద టిఫిన్ క్యారేజీ అంత పెట్టె. వస్తువు ప్లగ్గు అందులో పెట్టి, క్లిప్పు ఆ వస్తువు ఇనుప ఒంటికి తగిలించి బటన్ నొక్కితే పచ్చ లైటో ఎర్ర లైటో వెలుగుతుంది. పాలిటెక్నిక్ అక్కర్లేదు, రెండ్రోజుల కోర్సు చేస్తే ఎవరైనా చెయ్యొచ్చు. కాకపోతే ఓపిక ఉండాలి. అంకుల్‌కి లేనిది అదే. పెద్ద ఆఫీసులకి వెళ్తే మేనేజరు చూస్తున్నంతసేపూ పెట్టె తీసి బటన్లు నొక్కేవాడు. మేనేజరు అటు వెళ్ళగానే పెట్టె మూసేసి, మిగతా కంప్యూటర్లన్నిటికీ వరసగా ట్యాగులు చుట్టుకుంటూ పోయేవాడు. "కంటి టెస్టమ్మా ఇది. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత కళ్ళే మెషీన్లైపోతయ్యి" అనేవాడు. నేను ఒక్కోదాన్నీ టెస్ట్ చేస్తుంటే, "ఏందమ్మా పాలిటెక్నిక్కూ, ఆ ఫ్యానుకి పెళ్ళిచూపులా? కానీ కానీ" అని తొందరపెట్టేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, పాలిటెక్నిక్కూ అన్నదే ఎక్కువ.

ఇంట్లో తెల్లవారేది ఆంటీ చేతుల మీదుగా. నేను లేచేసరికి ఫిల్టర్ కాఫీ వాసన, దాని వెనకే నానిన మినప్పప్పు వాసన, వెనక లాండ్రీ గదిలోంచి పులిసిన పిండి వాసన బట్టల సబ్బు వాసనతో కలిసి వచ్చేవి. మెల్‌బోర్న్ చలిలో పిండి పులవదు. ఆంటీ పిండి గిన్నెలకి పాత స్వెట్టర్లు తొడిగి, లాండ్రీలో వేడినీళ్ళ ట్యాంకు పక్కన వరసగా కూర్చోబెట్టేది. వారానికి రెండుసార్లు ఇడ్లీ పిండి, దోశ పిండి రుబ్బి డబ్బాల్లో పోసి చుట్టుపక్కల తెలుగువాళ్ళకి అమ్మేది. యూనీలో చదివే పిల్లలు క్యూ కట్టేవాళ్ళు. ఆ పిండి ఆవిడకి ఈ దేశంలో ఉన్న ఒకే ఒక్క సొంత పని. బండి నడపడం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం, మొగుడు నోరు తెరిస్తే వెటకారం. పిండి కోసం వచ్చిన పిల్లలు "ఆంటీ, మా అమ్మ పిండి కన్నా బాగుంది" అంటే మాత్రం మొహం ఇంతయ్యేది. ఆవిడకో నియమం ఉంది. పిండి రుబ్బే చోటికి చెప్పులు రాకూడదు. వంటింట్లోనే కాదు, లాండ్రీ గచ్చు మీద కూడా వట్టి కాళ్ళే. అంకుల్ మాత్రం ఇంట్లో కూడా మందపాటి రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ తిరిగేవాడు. ఆవిడ మొత్తుకున్నా విప్పేవాడు కాదు.

ఆ గ్రైండరు విజయవాడ నుంచి సామాన్లతో పాటు ఓడలో వచ్చింది. రాతి డ్రమ్ము, స్టీలు ఒళ్ళు, లావుపాటి మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు. అంకుల్ ఆ ప్లగ్గు కోసేసి ఇక్కడి ప్లగ్గు బిగించాడు. వంటింట్లో పెట్టి ఆన్ చేస్తే కాసేపటికి మీటరు బాక్సులో సేఫ్టీ స్విచ్చి టప్పున పడిపోయేది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. కరెంటు వెళ్ళాల్సిన దారి తప్పి వస్తువు ఒంట్లోకో మనిషి ఒంట్లోకో పోతుంటే పసిగట్టి ఆపేసేది సేఫ్టీ స్విచ్చి. ఇక వైరులో మూడో తీగ, ఆకుపచ్చది, అలా దారితప్పిన కరెంటుని మనిషిని ముట్టకుండా భూమిలోకి దించేసేది. గ్రైండరు మోటారులోకి నీళ్ళు దిగి ఉంటాయి, స్విచ్చి తన పని తాను చేస్తోంది. అది బాగుచేయించాలంటే మోటారు విప్పాలి. అంకుల్ అంత దూరం పోలేదు. శనివారం పొద్దున ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి పిండి ఇవ్వాలని ఆంటీ గోల పెడుతుంటే, ప్లగ్గు విప్పి ఏదో చేసి, "పో, రుబ్బుకో" అన్నాడు. ఏం చేశాడో ఆ రోజు నాకు తెలీదు. ఊరందరి వస్తువులకీ భద్రత చూసే మనిషి, సొంతింటి గ్రైండరు ప్లగ్గులో ఆకుపచ్చ తీగ ఊడదీసి, నల్లటేపు చుట్టి లోపలికి మడిచిపెట్టాడు.

దాంతో స్విచ్చి ఊరికే పడటం మానేసింది. ఆంటీ ముట్టుకుంటే మాత్రం పడేది. ఒక చెయ్యి గ్రైండరు మీద, రెండో చెయ్యి నీళ్ళ కోసం కుళాయి మీద పడిందా, టప్పున ఇల్లంతా చీకటి. అంకుల్ రబ్బరు చెప్పులతో వచ్చి ఒక చేత్తో ముట్టుకుంటే ఏమీ అయ్యేది కాదు. ఇది ఆయనకి పెద్ద నవ్వులాటైపోయింది. ఆదివారం భోజనాలకి వచ్చిన నాలుగు కుటుంబాల ముందు, ఆవిడ చేత గ్రైండరు ముట్టించి, స్విచ్చి పడేయించి, తనెళ్ళి ముట్టుకుని చూపించాడు. "చూశారా? మా ఆవిణ్ణి చూస్తే కరెంటు కూడా పారిపోద్ది. నేను ఇరవయ్యేళ్ళ నుంచీ కాపురం చేస్తున్నా, నాకు మెడల్ ఇవ్వాల" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పిల్లలు రోహన్, మేఘన కూడా నవ్వారు, అప్పటికి చిన్నవాళ్ళు. ఆంటీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ తనూ నవ్వింది. నేను డిప్లొమా చదివినదాన్ని. చెప్పులకీ కుళాయికీ ఆ స్విచ్చికీ ఉన్న సంబంధం నాకు తట్టి ఉండాలి. తట్టిందో లేదో ఇప్పుడు చెప్పలేను గానీ, నేనూ నవ్వాను. అది మాత్రం బాగా గుర్తుంది.

ఇంట్లో మాటిమాటికీ కరెంటు పోతే తన టీవీ ఆగిపోతోందని చిరాకుపడి, ఆయన గ్రైండర్ని లాండ్రీలోకి మార్పించాడు. ఆ గది ఇంటికి పాత భాగం, దాని వైరింగు కూడా పాతదే. ఆ లైనుకి సేఫ్టీ స్విచ్చి లేదు. ఇంక స్విచ్చి పడేది కాదు. బదులు ఆంటీకి చెయ్యి జిల్లుమనడం మొదలైంది. "ఏవండీ, ముట్టుకుంటే చీమలు పాకినట్టుంటోందండీ. ఒకసారి చూడరాదూ?" అనేది. "నీకు వయసైపోతోందే. నరాలు. డాక్టర్‌కి చూపించుకో, నాకు కాదు" అనేవాడు. ఒకరోజు మరీ భయపడి అరిస్తే, "ఊరందరికీ పాస్ సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ణి, నా ఇంట్లో వస్తువుకి ఏం తెగులొచ్చిందో నాకు తెలీదా? నోరు మూసుకుని రుబ్బు" అన్నాడు. నేను పక్కనే అన్నం తింటున్నాను.

ఆయన ఊళ్ళో లేని ఒక మధ్యాహ్నం నా టెస్టరు పట్టుకెళ్ళి గ్రైండరుకి పెట్టాను. బటన్ నొక్కగానే ఎర్ర లైటు. భూమికి పోవాల్సిన దారి లేనే లేదని అర్థం. మళ్ళీ నొక్కాను, మళ్ళీ ఎర్రే. ఆంటీని పిలిచి, "మీరు దీన్ని ముట్టుకోవద్దు ఆంటీ, అంకుల్ వచ్చాక చెప్తాను" అని ప్రమాదం ట్యాగు కట్టాను. ఆవిడ ఆ ట్యాగు వంక చూసి, "నిజంగానే ఏదో ఉందన్నమాట. నా నరాలు కాదన్నమాట" అంది, ఏదో గెలిచినట్టు. సాయంత్రం ఆయన వచ్చి ట్యాగు చూశాడు. దాన్ని పీకి జేబులో పెట్టుకున్నాడు. నన్ను గరాజులోకి పిలిచి, "పద్మా" అన్నాడు. అప్పుడు పేరు గుర్తొచ్చింది. "నీ లెటర్‌కి ఇంకెన్నాళ్ళుంది?" అన్నాడు. "నాలుగు నెలలు అంకుల్" అన్నాను. "ఆ నాలుగు నెలలూ నా ఇంట్లో నాకు టెస్టులు పెట్టకు" అన్నాడు. అంతే, గొంతు కూడా పెంచలేదు. తెల్లారి చూస్తే గ్రైండరు వైరుకి పాస్ ట్యాగు ఉంది. దాని మీద నా పేరు, ఆయన రాతలో. ఆంటీ సంతోషంగా, "చూశావా, ఆయన రాత్రే బాగుచేశారట. నువ్వే మళ్ళీ టెస్ట్ చేశావటగా" అంది.

కాదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? "లేదాంటీ, నేను చెయ్యలేదు." ఇంతే కదా మాట. నేను చెప్పలేదు. దాని బదులు ఏం చేశానో చెప్తే మీరు నా మొహాన ఉమ్మేస్తారు. షాపింగ్ సెంటర్‌కి వెళ్ళి ఆవిడకి రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చాను. "లాండ్రీలో చలి, వేసుకోండి ఆంటీ" అని ఇచ్చాను. ఆవిడ మురిసిపోయి కళ్ళకద్దుకున్నంత పని చేసి, వాటిని గుమ్మం బయట విడిచి లోపలికెళ్ళింది. "పిండి దగ్గర చెప్పులేంటమ్మా, అన్నం కదా అది" అంది. మూడు వారాలు ఆ గుమ్మం బయట ఆ చెప్పులూ, లోపల వట్టి కాళ్ళతో ఆవిడా. నేను ఆ చెప్పుల్ని దాటుకుంటూ యూనీకి వెళ్ళేదాన్ని, దాటుకుంటూ వచ్చేదాన్ని. నాలుగు నెలల్లో మూడు వారాలు గడిచాయని లెక్కపెట్టుకునేదాన్ని.

ఒక గురువారం ఆర్వో అది, అంటే ఇక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నం. నేను ఇంటికొచ్చేసరికి గ్రైండరు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, కానీ పిండి తోసే గరిట చప్పుడు లేదు. బ్యాగు కూడా దించకుండా లాండ్రీలోకి వెళ్ళాను. గచ్చంతా నీళ్ళు, వాషింగ్ మెషీను పైపు ఊడినట్టుంది. ఆంటీ మోకాళ్ళ మీద ఉంది. కుడిచెయ్యి గ్రైండరు స్టీలు అంచుని పట్టుకుని ఉంది, వదలడం లేదు. నోరు తెరుచుకుని ఉంది గానీ అరుపు రావడం లేదు. నేను గోడ మీద స్విచ్చి కట్టేశాను. ఆవిడ పక్కకి ఒరిగిపోయింది. అంబులెన్సు వచ్చేదాకా నోట్లో ఊపిరి ఊదాను, గుండె మీద నొక్కాను. అంతవరకూ నిజం. ఆవిడని బతికించాననడానికి ఆధారం అదొక్కటే.

మర్నాడు ఆవిడ ఇంకా స్పృహలో లేనప్పుడు, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి అంకుల్ చేసిన మొదటి పని లాండ్రీలోకి వెళ్ళి స్క్రూడ్రైవరుతో ప్లగ్గు విప్పడం. నల్లటేపు ఊడదీసి ఆకుపచ్చ తీగని దాని చోట బిగించాడు. గుమ్మంలో నన్ను చూశాడు, కంగారు కూడా పడలేదు. "టార్చి ఇలా పట్టు" అన్నాడు. పట్టాను. పట్టానండీ, ఏం చెయ్యమంటారు? తర్వాతి వారం విద్యుత్ ప్రమాదాలు చూసే ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అప్పటికి మోటారులో తడి కూడా ఆరిపోయింది, గ్రైండరు శుభ్రంగా పాసైంది. ట్యాగు మీద పేరు చూసి, "ఇది మీరే టెస్ట్ చేశారా?" అని నన్నడిగాడు. అంకుల్ సోఫాలో కూర్చుని తన గోళ్ళు చూసుకుంటున్నాడు. అవునన్నాను. "ఆవిడ చెయ్యి ఎక్కడుంది, మీరు చూసినప్పుడు?" అన్నాడు. ముందురోజు అంకుల్ చెప్పమన్నదే చెప్పాను. తడిచేత్తో ప్లగ్గు పీకబోయింది, వేళ్ళు పిన్నుల మీద ఉన్నాయి అన్నాను. ఆయన రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను. ఆ నాలుగు నెలలూ పూర్తికాగానే నా లెటర్ వచ్చింది. అందులో నేను నమ్మకస్తురాలినని, భద్రత విషయంలో ఎంతో జాగ్రత్తపరురాలినని రాశాడు. ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాశాడు.

ఆంటీకి ఆ మధ్యాహ్నం సంగతి ఏదీ గుర్తులేదు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక మొగుడు చెప్పిందే ఆవిడకి తెలిసింది. కుడి అరచెయ్యి కాలిపోయి, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. మూడు ఆపరేషన్లయినా తిన్నగా కాలేదు. పిండి ఆగిపోయింది. ఎడంచేత్తో వడ్డించకూడదని, ఇంటికొచ్చినవాళ్ళకి అన్నం వడ్డించడం కూడా మానేసింది. అంకుల్ మాత్రం ఏదీ మానలేదు. "నా జీవితమంతా జనానికి జాగ్రత్తలు చెప్పాను. నా పెళ్ళామే తడిచేత్తో ప్లగ్గు పీకింది. ఎవరితో చెప్పుకోవాల?" అని ప్రతి పెళ్ళిలో, ప్రతి బార్బీక్యూ విందులో ఆ చెయ్యి చూపించి చెప్పేవాడు. ఆవిడ ఆ చేతిని కొంగులో దాచుకునేది. పిల్లలు పెరిగారు. మమ్, డోంట్ టచ్ ఇట్ అన్న మాట ఆ ఇంట్లో టోస్టరు దగ్గర, హీటరు దగ్గర, ఆఖరికి టీవీ రిమోటు దగ్గర కూడా వినిపించేది. ఆవిడ ముట్టుకునేది కాదు. ఇంట్లో లైటు వెయ్యాలన్నా పిల్లల్ని పిలిచేది. ఏటా ప్రమాదం జరిగిన రోజున నాకు ఫోను చేసి, "ఇవాళ నువ్వు నన్ను బతికించిన రోజమ్మా" అని ఏడ్చేది. నేను ఓదార్చేదాన్ని. సిగ్గులేనిదాన్ని.

ఇప్పుడు క్లైడ్ నార్త్‌లో నాకో ఇల్లుంది. కొత్త ఇల్లు, మీటరు బాక్సు తెరిస్తే వరసగా సేఫ్టీ స్విచ్చిలు, ఒక్కో లైనుకి ఒకటి. గ్రైండరుకి, గీజరుకి, గరాజుకి, దేనికీ మినహాయింపు లేదు. మూడు నెలలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూస్తాను, టక్కున పడిపోతాయి. వాటికి మొహమాటం లేదు, పీఆర్ అక్కర్లేదు. ఈ మధ్య మా ఆఫీసులో ట్యాగులు వెయ్యడానికి పంజాబీ పిల్ల ఒకతి వచ్చింది. మా మేనేజరు తొందరపెడుతుంటే, "అన్నీ టెస్ట్ చేశాకే వెళ్తాను, పేరు నాది కదా" అంది. ఆ పిల్లని చూసి నాకు ఆనందం కలగలేదు. ఒళ్ళు మండింది. అంత సులువా ఈ మాట అనడం? అంత సులువైతే నేనెందుకు అనలేదు? రోజులు మారాయని, చట్టాలు గట్టిపడ్డాయని అందరూ అంటారు. చట్టం ఆ రోజు కూడా ఉంది. ఇన్‌స్పెక్టర్ రూపంలో ఆ ఇంటికొచ్చి, నన్ను మర్యాదగా అడిగింది.

ఇంతవరకూ రాసి, సభకి ముందురోజు ఆంటీ దగ్గరికెళ్ళాను. ఇక్కణ్ణుంచి రాస్తున్నది సభ అయ్యాక. వంటింట్లో ఒక్కతే ఉంది. రాసిందేదైనా తెచ్చావా అని అడిగింది. నేను నిలబడే మొత్తం చెప్పేశాను. ట్యాగు, తీగ, టార్చి, సంతకం, అన్నీ. అంతా అయ్యాక, "అయితే నేను ప్లగ్గు ముట్టుకోలేదా?" అంది.

"లేదాంటీ. పిండి తీస్తున్నారు."

"నా చెయ్యి తడిది కాదా?"

"తడిదే. పిండి రుబ్బేవాళ్ళ చెయ్యి తడిగా ఉండదా ఆంటీ?"

ఆవిడ ముడుచుకుపోయిన వేళ్ళని రెండో చేత్తో నిమురుకుంది. "రెండేళ్ళు మంచంలో ఉన్నాడే ఆయన" అంది. "ఒళ్ళు తుడిచాను. కాళ్ళు పట్టాను. దొడ్డి ఎత్తాను, ఈ చేత్తోనే. ఎందుకో తెలుసా? నా బుద్ధితక్కువతనానికి ఆయన పదిమందిలో తలొంచుకున్నాడు కదా, పాపం, నన్ను భరించాడు కదా అని. మొన్న పోయేముందు కూడా చెయ్యి పట్టుకుని క్షమించమని అడిగాను. నేను అడిగానే ఆయన్ని! ఆయన తలూపాడు." నేనే ఏడ్చాను. "ఏడవకు. నీ ఏడుపు నాకెందుకు?" అంది. "ఆయన పోయేదాకా ఆగావు. ఒక్క ఏడాది ముందు చెప్పుంటే ఆ మొహాన్నే అడిగేదాన్ని కదే. నీకు పీఆర్ ఎప్పుడో వచ్చింది, సిటిజన్‌షిప్ వచ్చింది, ఇల్లొచ్చింది. ఇంకా దేనికి భయపడ్డావు?" ఆవిడ మీద ప్రేమ అని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. ఆవిడ దృష్టిలో దేవతలా ఉండటం నాకు బాగుంది, అదీ అసలు సంగతి. "రేపు అందరి ముందూ చెప్పు. పుస్తకంలో కాదు, నోటితో చెప్పు" అంది.

సభ దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో. అంకుల్ ఫోటోకి పెద్ద దండ. ముందు వరసలో ఆంటీ, ఆవిడకి అటూ ఇటూ రోహన్, మేఘన. ఆ పాత ఆదివారాల్లో నవ్వినవాళ్ళు కూడా నలుగురైదుగురు ఉన్నారు, జుట్లు నెరిసి. ఒకాయన మైకు పట్టుకుని, ప్రసాదరావు గారిలాంటి జాగ్రత్తపరుడు మళ్ళీ పుట్టడన్నాడు. తర్వాత నన్ను పిలిచారు. "రాజ్యలక్ష్మి ఆంటీకి జరిగిన ప్రమాదం ఆవిడ తప్పు వల్ల కాదు" అని మొదలుపెట్టాను. "ఆ గ్రైండరు నేను టెస్ట్ చేశాను. ఫెయిలైంది."

"ఆగు పద్మా" అంది ఆంటీ, కూర్చున్నచోటి నుంచే. "ఇంగ్లీషులో చెప్పు. నా పిల్లలకి ఒక్క ముక్క కూడా తప్పిపోకూడదు."

ఇంగ్లీషులో చెప్పాను. మెత్తగా చెప్పడానికి ఆ భాషలో నాకు మాటలు రావు, అందుకని ఫారం నింపినట్టు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఏ తీగ ఊడదీశాడో, నేను ఎక్కడ నిలబడి టార్చి పట్టుకున్నానో, ఏ అబద్ధం మీద సంతకం పెట్టానో. సగంలో రోహన్ లేచి, "టర్న్ దట్ మైక్ ఆఫ్!" అని అరిచాడు. "కూర్చోరా" అంది వాళ్ళమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, వాడూ విని ఉండడు, కూర్చున్నాడు. మేఘన తల్లి చెయ్యి కొంగులోంచి బయటికి తీసి, తన ఒళ్ళో పెట్టుకుని, దాని వంకే చూస్తూ ఉండిపోయింది. నేను ముగించి దిగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ నా పక్కకి రాలేదు. ఎవరో గొంతు సవరించుకుని, భోజనాలు రెడీ అన్నారు.

నేను కారు తాళాలు తీసుకుని తలుపు దాకా వెళ్ళాను. ఆంటీ వెనకాలే వచ్చింది.

"భోంచేసి వెళ్ళు" అంది. "ఇంక మా ఇంటికి రాకు. ఫోను కూడా చెయ్యకు."

సరేనన్నాను. వెనక్కి వెళ్ళి ప్లేటు తీసుకుని లైన్లో నిలబడ్డాను. ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ చూస్తుండగా, పెట్టిందంతా ఆఖరి మెతుకు దాకా తిన్నాను.